నుదుటి అతుకు

ఆ ఏడు ఎడో నగరంలో వానలు పట్టుకుని వదల్లేదు. అసకుసాలో నాటకశాలల వెనక వీధిలో వరస ఇళ్లన్నీ నానిపోయి, గోడల్లోంచి బూజు వాసన కొడుతోంది. ఆ వరసలో చివరి ఇంట్లో, ఉత్తరపు కిటికీ కింద, తొమెకిచి పొద్దున్నించీ తలెత్తకుండా ఒక ఆడదాని నుదురు చెక్కుతున్నాడు.

ఆడదంటే నిజం ఆడది కాదు. హనమురా రిన్నొసుకె అనే నటుడు. ఆడవేషాలకి పెట్టింది పేరు. వచ్చే నెల నాటకంలో అతను ఒనామి అనే దెయ్యంగా రాబోతున్నాడు. మొగుడి కోసం రేవు దగ్గర ఎదురుచూసి ఎదురుచూసి, ఏట్లో పడి చచ్చిపోయిన మనిషి ఆ ఒనామి. ఎండలు ముదిరితే ఎడో జనానికి దెయ్యం నాటకం ఉండి తీరాలి. వెన్నులో చలి పుడితే ఉక్కపోత తెలీదని వాళ్ల నమ్మకం. నాటకం మొదలయ్యే రోజుకి ఆ వేషంలో నటుడి బొమ్మ అచ్చయి అంగళ్లలో వేలాడాలి. అంటే ఇంకా ఎవరూ కళ్లతో చూడని దెయ్యాన్ని ముందే చెక్కి పెట్టాలన్నమాట.

బొమ్మ గీసేవాడు ముఖమూ బట్టలూ గీస్తాడు. జుట్టు దగ్గరికొచ్చేసరికి ఓ అంచు గీసి చేతులు దులుపుకుంటాడు. నుదుటి దగ్గర ఒక్కో వెంట్రుకా ఎలా మొలవాలో తేల్చేది చెక్కేవాడే. చెర్రీ చెక్క పలక మీద ఆ కాగితాన్ని బోర్లా అంటించి, వెంట్రుకకి ఇటూ అటూ ఉన్న చెక్కని తీసేస్తే, మధ్యలో నిలబడినదే వెంట్రుక. తీసేసిన చెక్క మళ్లీ రాదు. ఈ పనిలో చేరినవాడికి మొదటిరోజు చెప్పే మాట అదే. తొమెకిచి అంత సన్నగా వెంట్రుకలు నిలబెట్టేవాడు నగరం మొత్తంలో ఇంకొకడు లేడు. ఎవరెదురుపడ్డా కుశలం అడక్కుండా ముందు నుదుటి వైపు చూస్తాడని అచ్చు వేసే కన్రొకు ఏడిపించేవాడు.

"అన్నా, నా నుదుట ఎన్ని మిగిలాయో చూసి చెప్పన్నా. మా ఆవిడ రోజూ లెక్క అడుగుతోంది."

"నీకు చెక్కడానికేం లేదురా. నున్నగా చిత్రిక పట్టెయ్యడమే."

మూడు రోజుల కింద ఇద్దరూ కలిసి రేవు పక్క గుడికెళ్లి ఒనామి సమాధి రాయి మీద నీళ్లు పోసి, అగరొత్తులు వెలిగించి వచ్చారు. దెయ్యం వేషం కట్టే నటుడూ, ఆ బొమ్మ చెక్కేవాడూ, అచ్చు వేసేవాడూ ముందుగా ఆ చచ్చిపోయిన మనిషి దగ్గరికి వెళ్లి చెప్పుకోవాలి. అమ్మా, నీ ముఖం కాస్త వాడుకుంటున్నాం, కోపం తెచ్చుకోకు అని. చెప్పకుండా మొదలుపెట్టినవాళ్లకి ఏమైందో ఆ వీధిలో ఎవరినడిగినా ఒక కథ చెబుతారు. తొమెకిచి ఇలాంటి వాటిల్లో లోటు చేసే మనిషి కాదు.

నుదురు ఇంక నాలుగు వేళ్ల వెడల్పు మిగిలి ఉండగా తొమ్మిదేళ్ల కూతురు ఒనుయి వచ్చి వెనక నిలబడింది.

"నాన్నా, జుట్టు దువ్వవా?"

చాకు జారింది.

జారింది రవ్వంతే. కానీ ఆ రవ్వంతలో నుదుటి నడుమ ఐదు వెంట్రుకలు తెగిపోయి, చెక్కపొడిలో కలిసిపోయాయి.

పిల్ల తప్పేం లేదు. అది అడిగిన మాటలోనే ఉంది తప్పంతా. మూడేళ్ల కిందట ఇదే గదిలో, ఇదే కిటికీ దగ్గర తను పనిలో ఉండగా, నెలరోజులుగా జ్వరంతో పడుకున్న భార్య ఒరికు మెల్లగా లేచి కూర్చుంది. చేతిలో దువ్వెన. "ఏమండీ, కాస్త జుట్టు దువ్వరూ?" అంది. అప్పుడూ ఒక నుదురే చెక్కుతున్నాడు. "ఇంకాస్త. ఈ నుదురు అయిపోనీ," అన్నాడు వెనక్కి తిరక్కుండా. అయిపోయాక తిరిగి చూస్తే ఆవిడ గోడకి ఆనుకుని కూర్చునే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. చిక్కుపడిన జుట్టు ముఖం మీద పడి ఉంది. దాన్ని తోసుకోవడానికి ఆవిడ చెయ్యి ఇంక లేవలేదు. ఆ మాట తొమెకిచి ఎవరికీ చెప్పలేదు. పిల్ల ఆరోజు పక్కింటి ఒతెత్సు అత్త దగ్గర నిద్రపోతోంది. చెప్పుకుంటే బరువు తగ్గుతుందంటారు గానీ, ఇది చెప్పుకునే బరువు కాదు.

"ఒతెత్సు అత్త చేత దువ్వించుకో, పో," అన్నాడు ఒనుయితో. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. పిల్ల వెళ్లిపోయింది.

తెగిన చోట అతుకు వెయ్యొచ్చు. పాడైన మేరకి చిన్న గుంట తవ్వి, సరిగ్గా దాన్లో పట్టే ముక్క దిగ్గొట్టి, దాని మీద మళ్లీ చెక్కాలి. అంత సన్నటి పనికి చెర్రీ నిలవదు. దువ్వెనలు చేసే పసుపు చెక్క కావాలి, రాయిలా గట్టిగా ఉంటుంది అది. ఆ చెక్క అమ్మేవాడు ఏటికి అవతల ఉన్నాడు. వరదకి పడవలు ఆపేశారు. అచ్చు వేయించే షావుకారు సొహెయ్ పొద్దున్నే పలక కోసం వస్తాడు.

తొమెకిచి చాకు పక్కన పెట్టాడు. తర్వాత లేచి, పోయిన ఒరికు పేరు రాసి దీపం పెట్టే చిన్న పలక ఉన్న గూడు దగ్గరికి వెళ్లి, కింద సొరుగు తెరిచాడు. పాతగుడ్డలో ఒరికు దువ్వెన, అదే పసుపు చెక్కది. ఒనుయి పెద్దదయ్యాక దానికివ్వమని ఒరికు పోయే ముందు వారం చెప్పింది. వీపు మందంగా ఉంది. అందులోంచి బియ్యపు గింజకన్నా కాస్త పెద్ద ముక్క తీస్తే ఎవరికి తెలుస్తుంది?

తీశాడు. గుంటలో అది ఎంత చక్కగా కూర్చుందంటే గోరు పెట్టినా పట్టలేదు. దాని మీద ఐదు వెంట్రుకలు చెక్కాడు. ఒనామి సమాధికి వెళ్లి దండం పెట్టి వచ్చిన మనిషికి, ఇంట్లో గూటి ముందు నిలబడి ఒరికుతో ఒక్క మాట చెబుదామని మాత్రం తోచలేదు.

*

మర్నాడు కన్రొకు తన ఇంట్లో పలకకి నల్లసిరా పూసి, తడి కాగితం పరిచి, వెదురాకు చుట్టిన బిళ్లతో వీపున రుద్ది తొలి అచ్చు తీశాడు. కాగితం ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాడు.

"అబ్బ! ఏం చెయ్యి అన్నా నీది! ఈ తడి జుట్టు చూస్తుంటే నాకే జలుబు చేసేట్టుంది." తర్వాత దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "ఇదొక్కటీ ఎందుకొదిలేశావు?"

నుదుటి మీంచి ఒక వెంట్రుక కనుబొమ మీదకి దిగి ఉంది.

తొమెకిచి దాన్ని చెక్కలేదు. అక్కడి చెక్క శుభ్రంగా తీసేశాడు, తన చేత్తో. పలకని ఒంచి చూశాడు. సన్నటి గట్టు నిలబడి ఉంది. చూపు ఆనలేదేమో అనుకుని చాకుతో గీకేశాడు. కన్రొకు మళ్లీ అచ్చు తీశాడు.

మూడు వెంట్రుకలు. కనుబొమ దాటి, కంటి మీదకి.

చూరు నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. కాగితంలోంచి ఏదో వాసన వస్తోంది. సిరా వాసన కాదు. జిగురు వాసన కాదు. కమీలియా నూనె. ఆడవాళ్లు తలకి రాసుకునేది.

"తీసేసిన చెక్క..." అని మొదలుపెట్టి కన్రొకు ఆగిపోయాడు.

సరిగ్గా అప్పుడే షావుకారు సొహెయ్ గొడుగు విదిలించుకుంటూ లోపలికొచ్చాడు. బొమ్మ చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఇదీ దెయ్యమంటే! కంటి మీద పడ్డ ఆ వెంట్రుకలు చూడండయ్యా! జనం భయంతో చచ్చి మరీ కొనుక్కుంటారు. ఇంక ముట్టుకోవద్దు. రంగు పలకలు వచ్చేదాకా ఆగక్కర్లేదు, నలుపు రెండు వందల కాగితాలూ ముందు కొట్టెయ్యి."

తొమెకిచి ఏమని చెబుతాడు? తన పేరు నిలబడినదే ఆ పలకల మీద. చెడిన రెండో కాగితం మడిచి రొండిన దోపుకుని ఇంటికెళ్లిపోయాడు. అది ఎక్కడ పడేశాడో తర్వాత గుర్తులేదు.

*

మర్నాడు పొద్దున్న ఒనుయి జుట్టు నున్నగా దువ్వి, పైకెత్తి ముడేసి ఉంది. ఒక్క వెంట్రుక చెదరలేదు.

"బాగుందే! అత్త వేసిందా?"

"కాదు. అమ్మ."

పిల్లలు అంటుంటారు అలాంటివి. తొమెకిచి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆ ముడి పెళ్లయిన కొత్తలో ఒరికు వేసుకునే ముడి. ఆ వాడుక పోయి చాలా కాలమైంది.

గోడ అవతలికి కేకేశాడు. "అత్తా! పిల్లకి ముడి నువ్వేనా వేసింది?"

"నేనెక్కడేశానురా? కీళ్లనొప్పులతో దువ్వెన పట్టుకోలేక చస్తుంటే! రెండ్రోజుల్నించీ అది నా గుమ్మం తొక్కితే ఒట్టు."

ఆరోజు ఒనుయి కూర్చున్నచోటు నించి లేవలేదు. వెనక గోడ. గోడకి, తొమెకిచి పడేసిన ఆ కాగితం అన్నం మెతుకులతో అంటించి ఉంది. పిల్ల వీపు దాని వైపు పెట్టి, నిటారుగా, మెడ కదపకుండా కూర్చుంది. అన్నం ముందు పెడితే కళ్లతో చూసింది గానీ చెయ్యి చాపలేదు. మిసో పులుసు చల్లారిపోయింది.

"తినమ్మా."

"కదిలితే ఊరుకోదు నాన్నా." గుసగుసగా అంది. "ఇంకా అవ్వలేదు."

రెండో రోజు కూడా అలాగే కూర్చుంది. జుట్టు ఇంకా బిగిసింది. కణతల దగ్గర చర్మం లాగుకుపోయి కళ్లు పైకి వంగాయి. తొమెకిచి భుజాలు పట్టుకుని లేపబోతే కెవ్వుమంది. జుట్టుని వెనకనించి ఎవరో పిడికిట పట్టినట్టు తల అక్కడే ఉండిపోయింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. గోడ మీద కాగితంలో, జుట్టు ముఖం సగం దాకా దిగింది.

ఉన్నది ఈ ఒక్క పిల్ల. రెండు రోజుల్నించి చుక్క నీళ్లు దిగలేదు. పెదాలు పగిలి తెల్లబడ్డాయి. వైద్యుడొచ్చి నాడి చూసి, పిల్లకేం లేదు మొండితనం అని వెళ్లిపోయాడు. కాగితం చింపేద్దామని గోడ దగ్గరికి వెళ్తే పిల్ల ఏడ్చింది, చింపితే తన జుట్టూ చినుగుతుందని.

మూడో రోజు పొద్దున్న మోకాళ్ల మీద కూర్చుని అడిగాడు.

"అమ్మ... ఏమంటోందిరా?"

"ఒకటే మాట నాన్నా."

"ఏం మాట?"

ఒనుయి అతని కళ్లలోకి చూసింది. గొంతు దానిదే. మాట మాత్రం దానిది కాదు.

"ఇంకాస్త. ఈ నుదురు అయిపోనీ."

*

తొమెకిచి వానలో చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. కన్రొకు ఇంట్లో దూలం నించి దూలానికి కట్టిన తాళ్ల మీద అచ్చులు ఆరుతున్నాయి. వాటి మధ్య, ముసుగు తీసి, ఒక సన్నటి మనిషి నిలబడి చూస్తున్నాడు. హనమురా రిన్నొసుకె. తన బొమ్మ అంగడికి వెళ్లేముందు ఒకసారి చూసుకోకపోతే నిద్ర పట్టదు అతనికి. వేషం లేకపోయినా నడకా మాటా ఆడదానివే.

"రా నాయనా, రా," అన్నాడు. "నిన్నే అడుగుదామనుకుంటున్నా. నా ముక్కు గురించి ఊరంతా పద్యాలు కడతారు. ఇందులో నా ముక్కేదీ?"

తొమెకిచి చూశాడు. మొదట కొట్టిన కాగితంలో వెంట్రుకలు కంటి దాకా. పదో దాన్లో బుగ్గ దాకా. చివరి వరసలో జుట్టు ముఖమంతా కప్పేసి, సందుల్లోంచి ఒక కన్నూ, నోటి మూలా కనిపిస్తున్నాయి. రిన్నొసుకె నోరు కాదది.

"నేను కట్టిన ఆడముఖాలన్నీ నాకు తెలుసు," అన్నాడు నటుడు మెల్లగా. "ఈవిడ వాటిల్లో లేదు. ఎవరీవిడ?"

కన్రొకు మూల కూర్చుని ఉన్నాడు. మూడు రోజుల్లో మనిషి ఎండిపోయాడు. "మేం గుడికెళ్లాం బాబూ. ఒనామికి చెప్పుకునే మొదలుపెట్టాం."

"ఒనామి సంగతి కాదు నేనడిగేది. ఈవిడకి చెప్పుకున్నారా?"

తొమెకిచి దువ్వెన సంగతీ, గోడ మీది కాగితం ముందు కూర్చుండిపోయిన పిల్ల సంగతీ చెప్పాడు. మూడేళ్లుగా ఎవరికీ చెప్పని ఆ మాటా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు. రిన్నొసుకె చేతి రుమాలు తీసి అతని ముఖం తుడిచాడు.

"ఈ బొమ్మ బయటికెళ్తే నేను వేదికెక్కను, షావుకారుతో నేను చెప్పుకుంటా. కాగితాలన్నీ గుడిలో కాల్పిస్తా. నీ ఇంట్లోదీ ఇచ్చెయ్యి. నువ్వు మాత్రం ఆవిడ సొమ్ము ఆవిడకిచ్చి, అడిగిన పని చెయ్యి నాయనా. అప్పుడే చేసుంటే సరిపోయేది."

తొమెకిచి పలక ఒళ్లో పెట్టుకుని ఉలి మొనతో అతుకు పెకిలించాడు. అది పన్నూడినట్టు ఊడొచ్చింది. కింద గుంటలో ఏదో నల్లగా చుట్టచుట్టుకుని ఉంది. వేలితో లాగాడు. వచ్చింది... ఇంకా వచ్చింది... మూర పొడుగు వెంట్రుకలు, తడిగా. కన్రొకు బయటికి పరిగెత్తాడు.

*

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. ముక్కని దువ్వెన వీపులో పెట్టి జిగురు పూశాడు. గూటి ముందు తల నేలకానించి, చెప్పాల్సినదంతా చెప్పాడు. తర్వాత ఒనుయి పక్కగా, గోడకీ పిల్లకీ మధ్య ఉన్న జానెడు ఖాళీ ముందు కూర్చుని, దువ్వెన ఎత్తాడు.

ఖాళీలోనే దువ్వాడు.

దువ్వెన చిక్కుకుంది.

గాల్లో... ఏమీ లేనిచోట... పళ్లకి బరువు తగిలింది. తడిసిన జుట్టు బరువు. చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. పిల్ల మెడ చూశాడు. లాక్కోలేదు. మెల్లగా చిక్కు తీశాడు. ఇంకో చిక్కు. ముంజేతి మీద చల్లటి నీళ్లు కారుతున్నాయి. కమీలియా నూనె వాసనకి ఊపిరాడట్లేదు. "నొప్పెడుతోందా ఒరికూ?" అని అడిగాడు ఒకసారి.

ఎంతసేపు దువ్వాడో. ఒకచోట దువ్వెన అడ్డం లేకుండా జారిపోయింది. అంతే. ఒనుయి ముడి విడిపోయి, పిల్ల పక్కకి వాలి, చాప మీద ముడుచుకుని నిద్రపోయింది. తెల్లారి లేచి రెండు గిన్నెల అన్నం తిని, ఇంకా ఉందా అని అడిగింది. తొమెకిచికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

కాగితాలన్నీ గుడిలో కాలిపోయాయి, గోడ మీదదీ పోయింది. షావుకారు నానా తిట్లూ తిట్టి, ఇంకో చెక్కేవాడి చేత వేరే పలక చేయించుకున్నాడు. నాటకం మొదలైన రోజు పొద్దున్నే తండ్రీకూతుళ్లిద్దరూ వెళ్లారు. ఢంకా మోగి, నీలిదీపం వెలిగి, రిన్నొసుకె తడిజుట్టుతో, జనం మధ్యలోంచి వేదికకి వెళ్లే పూలబాట మీదుగా నడిచొస్తుంటే ఆడవాళ్లు కెవ్వున అరిచారు. ఒనుయి అన్నంముద్ద నములుతూ, "ఈయన ముక్కు భలే పెద్దది నాన్నా," అంది. తొమెకిచి చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వాడు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది. కొత్త పలక మీద చాకు పెట్టబోతుంటే పిల్ల వచ్చి వెనక నిలబడింది.

"నాన్నా, జుట్టు దువ్వవా?"

తొమెకిచి వెంటనే చాకు పక్కన పెట్టాడు. ఇంక ఈ జన్మలో ఆ మాటకి ఆలస్యం చెయ్యనని అనుకున్నాడు. పిల్లని ముందు కూర్చోబెట్టుకుని, వాళ్లమ్మ దువ్వెన తీసుకుని, వెనకనించి పాయలు పాయలుగా దువ్వాడు. బొటనవేలు దువ్వెన వీపు మీద ఆగింది.

అక్కడ గుంట.

జిగురు పెట్టి పూడ్చిన ముక్క లేదు. రాలిపడిందేమోనని చాప మీద వెతికాడు. పిల్ల ఒళ్లో చూశాడు. లేదు. నుదుటి మీది జుట్టులో చిక్కుకుందేమో చూద్దామని ఒనుయి తలని వెలుతురు వైపు తిప్పాడు.

నుదుటి నడుమ, వెంట్రుకలు మొదలయ్యే చోట, చర్మంలో నాలుగు మూలల సన్నటి గీత ఉంది. బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది. గోరు పెట్టి చూశాడు. పట్టలేదు. అంత సన్నటి అతుకు వెయ్యగలిగేవాడు ఈ ఊళ్లో ఒక్కడే. ఆ ఒక్కడూ వెయ్యలేదు.

వేలితో తట్టాడు. చెక్క చప్పుడైంది.

దాని మీంచి వెంట్రుకలు మొలిచి ఉన్నాయి. లెక్కపెట్టాడు. ఐదు.

"అయిపోయిందా నాన్నా?"

తొమెకిచి దువ్వెన కింద పెట్టేద్దామనుకున్నాడు. చెయ్యి ఆగలేదు.

"ఇంకాస్త," అంది అతని నోరు. "ఈ నుదురు అయిపోనీ."